కిర్రుకుర్చీ పరీక్ష

ఆ కాలేజీ మూడో అంతస్తులో, చివరి గదిలో ఒక కుర్చీ ఉండేది. పాత చెక్క కుర్చీ, ఒక కాలు పొట్టిది. కూర్చున్నవాళ్ళు కాస్త గట్టిగా ఊపిరి తీసుకున్నా చాలు, కిర్రుమనేది. అటెండరు దాన్ని రెండుసార్లు చెత్తలో పడేశాడు. రెండుసార్లూ సైలెన్స్ సార్ స్వయంగా కిందికి దిగి, మెట్ల మీద ఆయాసపడుతూ మోసుకొచ్చాడు. "ఈ కుర్చీ లేకపోతే నా కోర్సే లేదయ్యా!" అని అటెండరు మీద కేకలేశాడు కూడా.

సైలెన్స్ సార్ అన్నది పిల్లలు పెట్టిన పేరు. సౌండ్ రికార్డింగ్ డిప్లొమా చివరి సంవత్సరం వాళ్ళని పాటల స్టూడియోల్లో ఇంటర్న్‌షిప్‌కి తయారుచేసి పంపడం ఆయన పని. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. స్టూడియోలో మూడు నెలలు నెగ్గుకొస్తేనే డిప్లొమా చేతికొచ్చేది. మధ్యలో గెంటేశారా, చదివిన చదువంతా మట్టిలో కలిసినట్టే. అందుకని ఆయన అన్నీ ఒకటికి పదిసార్లు చెప్పేవాడు. కేబుల్ మెలిపడకుండా ఎలా చుట్టాలి, ఎర్రబల్బు వెలుగుతుంటే తలుపు దగ్గర ఎలా ఆగిపోవాలి, ఎన్నోసారి పాడిన టేకు ఎక్కడ చెడిందో కాగితం మీద ఎలా రాసుకోవాలి, ఇవన్నీ. టీ కప్పుతో మిక్సింగ్ బల్ల ఛాయలకి వెళ్ళినవాడికి ఆ రోజంతా చీవాట్లే.

అయితే బోర్డు పైమూల ఒక వాక్యం మాత్రం ఎవరూ చెరపడానికి వీల్లేదు. 'నిన్ను అడిగేదాకా నోరు విప్పకు.' అదీ మొదటి పాఠం. కిర్రుకుర్చీ ఉన్నది ఆ పాఠానికి పరీక్ష పెట్టడానికే.

పరీక్ష ఎలా ఉండేదంటే, ఒక్కొక్కరినీ ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చుని, అరగంట సేపు పాడైపోయిన రికార్డింగులన్నీ వినిపించేవాడు. ఒకదాంట్లో గొంతు శ్రుతి తప్పుతుంది. ఇంకోదాంట్లో డ్రమ్ము అడుగు వెనక పడుతుంది. మరోదాంట్లో పాట మధ్యలో ఎవరో దగ్గుతారు. వింటున్నవాళ్ళు మాట్లాడకూడదు, కదలకూడదు, కుర్చీ చప్పుడు చెయ్యకూడదు, కనుబొమ్మ కూడా ముడిపడకూడదు. ముడిపడిందంటే మళ్ళీ మొదటినుంచీ. నవ్వుకునేవాళ్ళు నవ్వుకున్నారు, ఏడ్చినవాళ్ళూ ఉన్నారు.

"సార్, తప్పు కనపడినా చెప్పకూడదా?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. అప్పుడు ఆయన తన కథ చెప్పేవాడు. ఇరవై రెండేళ్ళ వయసులో ఆయనకూ ఒక పెద్ద స్టూడియోలో పని దొరికింది. చేరి నెల తిరక్కుండానే ఒక పేరున్న గాయని పాడుతుంటే, చివరి చరణంలో గొంతు కాస్త కిందికి జారిందని తెలిసింది. కుర్రతనం కదా, ఆగలేకపోయాడు. "అక్కడ శ్రుతి తగ్గిందండీ" అని అందరిముందూ అనేశాడు. గది గదంతా బిగుసుకుపోయింది. ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. అంతే, పది నిమిషాల్లో ఈయన చెప్పులు వేసుకుని వీధిలో ఉన్నాడు. ఆ తర్వాత ఏ స్టూడియో గడప ఎక్కినా, "నువ్వేనా ఆ నోటిదురుసువాడివి?" అన్నారు.

"నిజమే చెప్పాను. ఏం ఒరిగింది? అక్కడ మీకు చెవులుంటే చాలు, నోరు ఇంటిదగ్గర పెట్టి వెళ్ళండి" అని ముగించేవాడు. పిల్లలు నోటుపుస్తకాల్లో రాసుకునేవారు.

ఇంట్లో మాత్రం ఆయనకి ఆ పేరు అతకదు. "కాలేజీలో మూటగట్టిన మాటలన్నీ తెచ్చి నా నెత్తిన దిమ్మరిస్తారు" అని ఇంటావిడ వేళాకోళం చేసేది.

ఆ ఏడాది క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. చెవులమ్మ అని ఆటపట్టించేవాళ్ళు తోటిపిల్లలు. అబ్బ, ఏం చెవులవి! వరండాలో నడిచొచ్చేది ఎవరో చెప్పుల చప్పుడుని బట్టి చెప్పేది. పక్క గదిలో ట్యూబులైటు మారిస్తే, దీని రొద వేరుగా ఉందేమిటనేది. ఇంత నిఖార్సయిన చెవి తన సర్వీసులో చూడలేదని సైలెన్స్ సార్‌కి మొదటి నెలలోనే తెలిసిపోయింది. అలాంటి అమ్మాయి కిర్రుకుర్చీ పరీక్షలో మాత్రం ఆరుసార్లు తప్పింది. శ్రుతి జారగానే ముఖం చిట్లిపోయేది, ఎవరో గిల్లినట్టు. ఆపుకోవడం ఆమె చేతిలో లేదు.

"సార్, నొప్పి పుడుతుంది. ఎలా ఊరుకోమంటారు?" అంది ఒకరోజు, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

"పుట్టనీ తల్లీ. ముఖం మీదికి రానీకు" అన్నాడాయన.

రెండు నెలలు పట్టింది. రోజూ క్లాసు అయ్యాక అరగంట. చివరికి ఒక సాయంత్రం ఎంత పాడు టేకు పెట్టినా ఆ ముఖంలో ఒక్క గీత కదల్లేదు, కుర్చీ కిర్రుమనలేదు. ఆయన ఆనందం పట్టలేక తన సొంత హెడ్‌ఫోన్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ ఊళ్ళో ఇంకా మనుషుల్ని కూర్చోబెట్టి వాయిద్యాలు రికార్డు చేసే పెద్ద స్టూడియో ఒక్కటే మిగిలింది. అది ఏడాదికి ఒక్కరినే తీసుకునేది. ఆ ఒక్క చోటుకీ ఈ అమ్మాయినే పంపాడు.

అమ్మాయికీ అది చావోరేవో తేల్చుకోవాల్సిన చోటు. మందుల దుకాణం నడిపే అన్నయ్య చదువు మొదట్లోనే గడువు పెట్టాడు. "డిప్లొమా వస్తే నీ ఇష్టం. రాలేదా, మారుమాట లేకుండా వచ్చి కౌంటర్లో కూర్చో" అన్నాడు. సరేనని మాటిచ్చి వచ్చింది.

ఐదు వారాలు బాగానే గడిచాయి. ఆరోవారంలో స్టూడియోకి ఒక వేణువు వాయించే పెద్దాయన వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. ఊపిరితిత్తులు బాగాలేక వాయించడం మానేసి నాలుగేళ్ళయింది. తను కట్టిన పాటల్లో ఎప్పుడూ రికార్డుకెక్కనిది ఒకటి ఉండిపోయిందట. అది ఒక్కసారి వాయించి పోతానని డాక్టరుతో పోట్లాడి మరీ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. పక్క గదిలో పియానో వాయించేవాడు తోడు కూర్చున్నాడు.

రికార్డింగు మొదలైంది. కంప్యూటరు తెర మీద ఒక్కో మైకుకి ఒక్కో గీత. గీత పక్కన ఎర్ర చుక్క వెలిగితే ఆ మైకు శబ్దం దాచుకుంటున్నట్టు. వెలగకపోతే శబ్దం చెవులకి వినపడుతుంది గానీ, మిగలదు. పియానో గీత పక్కన చుక్క వెలిగింది. వేణువు గీత పక్కన వెలగలేదు. ఇంజనీరు కళ్ళు మూసుకుని వింటున్నాడు. వెనక స్టూలు మీద కూర్చున్న అమ్మాయి అది మొదటి నిమిషంలోనే చూసింది.

ఇక ఆ పిల్ల ఏం అవస్థ పడిందో ఆ పిల్లకే తెలియాలి. ఇంజనీరు చూడకపోతాడా అనుకుంది. ఇంకెక్కడో దాస్తున్నారేమో, నాకేం తెలుసు అనుకుంది. నోటిదాకా వచ్చిన మాటని మింగింది. ఆమెను ఎవరూ అడగలేదు. ఇరవై రెండు నిమిషాలు పెద్దాయన వాయించాడు. ఇరవై రెండు నిమిషాలూ ఆమె ముఖంలో గీత కదల్లేదు, స్టూలు చప్పుడు చెయ్యలేదు.

వాయించడం అయ్యాక పెద్దాయన వేణువుని గుడ్డలో చుట్టేశాడు. "ఇక నా వల్ల కాదు నాయనా, ఉన్న ఊపిరంతా ఇందులోనే పోశాను" అని నవ్వాడు. వెనక్కి పెట్టి వింటే పియానో ఒక్కటే వినిపించింది. ఎవరికోసమో ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ, ఒంటరిగా సాగిపోతోంది. పెద్దాయన మళ్ళీ గుడ్డ విప్పి ప్రయత్నించాడు. నాలుగు వరుసలయ్యేసరికి దగ్గు తెర పట్టుకుంది. కొడుకు భుజం పట్టి కారెక్కించుకుని తీసుకుపోయాడు.

తప్పు ఇంజనీరుది, అందులో రెండోమాట లేదు. కానీ అంత పెద్ద తప్పు చేసినవాడికి కోపం చూపించుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా! అమ్మాయి వైపు తిరిగి, "నువ్వు వెనక నిద్రపోతున్నావా?" అని గద్దించాడు.

"లేదండీ. చుక్క వెలగలేదని చూశాను" అంది ఆ వెర్రితల్లి. అడిగారు కాబట్టి చెప్పింది.

మర్నాడే స్టూడియో మేనేజరు కాలేజీకి వచ్చాడు. ప్రిన్సిపాల్ గదిలో కూర్చోబెట్టి విచారణ. సైలెన్స్ సార్ కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. అమ్మాయి నిలబడి ఉంది.

"చూశావా లేదా అమ్మా? సూటిగా చెప్పు" అన్నాడు ప్రిన్సిపాల్.

"చూశాను సార్. మొదట్లోనే."

"మరి నోట్లో ఏం పెట్టుకు కూర్చున్నావు?"

అమ్మాయి ఒక్కసారి కిటికీ వైపు చూసింది. చెప్పేస్తుంది, చెప్పాలి కూడా అనుకున్నాడు సైలెన్స్ సార్. అమ్మాయి తల దించుకుంది.

"భయమేసింది సార్."

"ఎవరైనా మాట్లాడొద్దని చెప్పారా?" అని మేనేజరు గుచ్చి అడిగాడు.

"లేదండీ."

"మాస్టారూ, మీ స్టూడెంటు కదా. మీరేమైనా చెప్తారా?" అని ప్రిన్సిపాల్ ఇటు తిరిగాడు.

చెప్పాలి. 'నేనే చెప్పానండీ, బోర్డు మీద రాసి మరీ చెప్పాను' అంటే చాలు. మాట నాలుక మీదే ఉంది. ఏడాదికోసారి కాగితం మీద సంతకం పెడితే గానీ నిలవని ఉద్యోగం, రిటైరవడానికి ఇంకా రెండేళ్ళు, మళ్ళీ ఆ వీధి, ఆ చెప్పులు, అన్నీ కళ్ళముందు తిరిగాయి.

"ఏం లేదండీ... అమ్మాయి మంచిదే" అన్నాడు.

అంతే. ఇంటర్న్‌షిప్ రద్దయింది. ఇకమీదట మీ పిల్లలు మాకు వద్దని కూడా చెప్పేసి మేనేజరు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం సహించలేదు ఆయనకి. ఇంటావిడ గుచ్చి గుచ్చి అడిగితే జరిగిందంతా చెప్పాడు. ఆవిడ విన్నంతసేపు విని, కంచం పక్కకి నెట్టింది.

"అమ్మాయి మంచిదే! అంతేనా మీ నోట్లోంచి ఊడిపడింది? ఆ పిల్ల మిమ్మల్ని కాపాడింది, మీరు దాన్ని గోతిలో తోశారు. సిగ్గుగా లేదూ?"

ఆయన మాట్లాడలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆయన మాట్లాడకపోవడం అదే మొదలు.

మూడోరోజుకి ధైర్యం కూడదీసుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. ప్రిన్సిపాల్ లేచి తలుపు వేసి వచ్చాడు. "నాతో అన్నారు సరే, ఇంకెవరి దగ్గరా అనకండి మాస్టారూ. మిగతా స్టూడియోలకి తెలిస్తే కోర్సే మూతపడుతుంది. రద్దు కాగితాలు వెళ్ళిపోయాయి, ఇప్పుడెందుకు రచ్చ?" అన్నాడు. సైలెన్స్ సార్ తన క్లాసు గదిలోకొచ్చి బోర్డు పైమూల గుడ్డతో రుద్దాడు. ఏళ్ళతరబడి చెరపని రాత, పూర్తిగా పోలేదు.

వారం తర్వాత మందుల దుకాణం వెతుక్కుంటూ వెళ్ళాడు. అమ్మాయి కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని మాత్రల అట్టలు సర్దుతోంది. ఆయన్ని చూడగానే లేచి నిలబడింది.

"హెడ్‌ఫోన్లు నేనే తెచ్చిద్దామనుకున్నాను సార్" అంది. అరలోంచి తీసి ఇచ్చింది. తీగ ఆయన నేర్పినట్టే మెలి లేకుండా చుట్టి ఉంది.

"నువ్వే ఉంచుకో తల్లీ. వాటికోసం రాలేదు." ఆయన వాటిని తిరిగి కౌంటరు మీద పెట్టాడు. "ఆ రోజు నేను నోరు విప్పాల్సింది. తప్పు చేశాను. ఇంకో మాట కూడా మీకెప్పుడూ చెప్పలేదు. నన్ను గెంటేశారని చెప్పానే, ఆ తర్వాత సంగతి. నేను వెళ్ళిపోయాక ఆ గాయని వెనక్కి పెట్టించుకుని విందట. ఆ చరణం మళ్ళీ పాడిందట. రికార్డు బయటికొచ్చాక నేను కొనుక్కుని విన్నాను. సరిగ్గా ఉంది, ఎక్కడా జారలేదు."

అమ్మాయి చేతిలో మాత్రల అట్ట అలాగే ఉండిపోయింది.

"అంటే మీరు చెప్పబట్టే ఆ పాట బాగుపడింది."

"అవును."

"మరి ఆ సగం మాకెందుకు చెప్పలేదు సార్?"

ఏం చెప్తాడు! తనను వీధిలోకి నెట్టిన పాట తన మాటతోనే దిద్దుకుని ఊరంతా మోగుతుంటే ఓర్వలేకపోయానని చెప్పాలా? ఆ కుళ్ళుని పాఠం చేసి పద్దెనిమిదేళ్ళుగా వచ్చిన పిల్లలందరికీ నూరిపోశానని చెప్పాలా?

ఇంతలో ఎవరో మందులకోసం దుకాణం అద్దం తలుపు తోశారు. మడతబందుల్లో నూనె లేదు కాబోలు, రేకు మీద మేకు గీసినట్టు పెద్దగా కీచుమంది. సైలెన్స్ సార్ ఒళ్ళు జలదరించి, ముఖం చిట్లించుకుని చెవులు మూసుకున్నాడు. తేరుకుని అమ్మాయి వైపు చూశాడు. ఆమె చీటీ అందుకుని చదువుకుంటోంది. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.