దుప్పట్లమ్మ లైసెన్సు చదువు

దుప్పట్లమ్మ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. చుట్టుపక్కల చిన్న హోటళ్ళ దుప్పట్లూ, దిండు గలీబులూ ఆవిడ ఇంటి వెనక రేకుల షెడ్డులోనే ఉతుకుడు పూర్తయి, ఆరి, ఇస్త్రీ అయి వెళ్ళేవి. పొద్దున్నే ఆ షెడ్డు ముందు నించుంటే, ఆరేసిన తెల్ల దుప్పట్ల మధ్య మనిషి కనపడేది కాదు. గొంతు మాత్రం ఖంగుమని వినపడేది.

ఉతికిన బట్ట హోటలుకు చేర్చడం భర్త పని. ఆయన్ని అందరూ డ్రైవరుగారనే పిలిచేవారు. మొదట లారీ, తరువాత బస్సు, చివరికి సొంత వ్యాను. బతుకంతా స్టీరింగ్ పట్టుకునే గడిపిన మనిషి. అలాంటి మనిషి కళ్ళకు నీటికాసుల జబ్బు వచ్చింది. మొదట పక్కచూపు పోయింది. ఒకరోజు మలుపులో పక్కనుంచి వస్తున్న సైకిలు ఆయనకు కనపడలేదు. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంటికొచ్చి తాళం చెవి గోడ మేకుకు తగిలించి, "ఇంక నేను ముట్టుకోనే" అన్నాడు. కొన్నాళ్ళకు వెలుగుకూ చీకటికీ తేడా తెలియడం తప్ప ఏ చూపూ మిగల్లేదు.

తరువాత కుదిర్చిన డ్రైవర్లు ఒకరిని మించినవాళ్ళు ఒకరు. వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. ఒక ఉదయం దుప్పట్లన్నీ మడతపెట్టి వ్యానులో ఎక్కించాక డ్రైవరు ఫోనెత్తడం మానేశాడు. హోటలువాళ్ళు మాత్రం ఫోను దించడం మానేశారు.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర ఆవిడ అంది, "ఏమండీ, వ్యాను నేనే నేర్చుకుంటాను."

అక్కడే ఉన్న ఆడబిడ్డ ముక్కున వేలేసుకుంది. "ఈ వయసులో స్టీరింగేమిటి వదినా! మోకాళ్ళ నొప్పులని నిన్ననే కదా మూలిగావు?"

"మోకాళ్ళతో నడపరు కదమ్మా, కాళ్ళతో నడుపుతారు," అంది దుప్పట్లమ్మ.

డ్రైవరుగారు నవ్వలేదు. ముద్ద చేతిలోనే పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. "ముందు లెర్నర్ పరీక్ష పాసవ్వాలి. రోడ్డు మీద బోర్డులు చదవడం రావాలి. పుస్తకం తెప్పించు."

అలా మొదలైంది చదువు. ఇస్త్రీ బల్ల మీద పుస్తకం తెరుచుకుని ఆవిడ బొమ్మను వర్ణించడం, ఆయన అర్థం చెప్పడం.

"మూడు మూలలదండీ. లోపల కారు. దాని వెనక జడ విప్పేసినట్టు రెండు గీతలు."

"జారుడు రోడ్డు."

"ఇందులో ఒంటె వీపులా రెండు బుడిపెలు."

"ఎగుడుదిగుడు రోడ్డు. గుర్తుపెట్టుకో, మూడు మూలలదైతే హెచ్చరిక, గుండ్రటిదైతే ఆజ్ఞ. అత్తగారు జాగ్రత్త చెబుతుంది, మామగారు ఆజ్ఞ ఇస్తాడు, అనుకో."

"మా అత్తగారు ఆజ్ఞలే ఇచ్చిందండీ," అందావిడ. ఆయన పగలబడి నవ్వాడు.

నవ్వులు బాగానే ఉన్నాయి గానీ, బొమ్మలు బుర్రకెక్కలేదు. పొద్దున నేర్చుకున్నది సాయంత్రానికి సబ్బునీళ్ళలో కలిసిపోయేది. ఓసారి విసుగొచ్చి పుస్తకం మూసేసింది. "నావల్ల కాదండీ. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

డ్రైవరుగారు లేచి చెప్పులు వెతుక్కున్నాడు. "పద, చూపిస్తాను."

చూపిస్తాననేసరికి ఆవిడ పుస్తకం అక్కడే వదిలి లేచింది. ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ రోడ్డెక్కారు.

బేకరీ వాసన దాటగానే ఆయన ఆగాడు. "ఇప్పుడు రోడ్డు కొంచెం దిగుతుంది. మందుల కొట్టు పక్క స్తంభానికి గుండ్రటి బోర్డు ఉంటుంది. హారన్ బొమ్మ మీద అడ్డగీత."

ఆవిడ తలెత్తి చూసింది. ఉంది. దుమ్ము పట్టి, కాస్త ఒరిగి ఉంది. దాని కిందనుంచే ఎన్నేళ్ళుగా మందులు కొనుక్కుని వెళ్ళిందో! ఒక్కసారైనా తలెత్తి చూడలేదు.

"ఈ గోడ అయిపోయాక గాలి తగులుతుంది. బడి వచ్చిందన్నమాట. మూడు మూలలది, ఇద్దరు పిల్లలు నడుస్తున్నట్టు."

గాలి తగిలింది. బోర్డూ ఉంది. ఈ మనిషి కళ్ళు మూతపడ్డాయని ఇన్నాళ్ళూ అనుకుంది ఆవిడ. ఊరు మొత్తం ఆయన లోపల ఎక్కడిదక్కడ నిలబడి ఉంది. ఒక మలుపు దగ్గర బోర్డుకంటే ముందు ఆయన ముఖాన్నే చూస్తూ ఆగిపోయింది. "నడవవేం?" అన్నాడాయన. "ఏం లేదండీ," అంది.

పాత వంతెనకు ముందు కూడలి వచ్చింది. "ఇక్కడ సిగ్నలు తప్ప ఏ బోర్డూ లేదు," అన్నాడు.

"ఉందండీ."

"ఉండదే."

"ఉంది. నీలంగా, గుండ్రంగా. లోపల మూడు బాణాలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. సిగ్నలు తీసేశారు. మధ్యలో గుండ్రంగా దిమ్మ కట్టి పూలమొక్కలు పెట్టారు. బళ్ళన్నీ దాని చుట్టూ తిరిగి వెళ్తున్నాయి."

ఆయన మెడ వంచి విన్నాడు. బళ్ళు ఆగడం లేదు. ఒకదాని వెనక ఒకటి చప్పుడు వంపు తిరిగి దూరమవుతోంది.

"ఎవరు ముందు పోవాలి?" నెమ్మదిగా అడిగాడు. అది పరీక్షించడానికి అడిగిన ప్రశ్న కాదు. నిజంగానే తెలియక అడిగాడు.

"అప్పటికే లోపల తిరుగుతున్న బండికి దారివ్వాలి. ఇందాకే చదివాను."

"నేను నడిపిన రోడ్డు మీద నాకే తెలియనిది నువ్వు చెప్పావే!" అన్నాడాయన. ఆ గొంతులో బాధ ఉందేమోనని ఆవిడ వెతికింది. లేదు. బండి మొదటిసారి చూసిన పసివాడి సంబరం ఉంది. "ఆ మొక్కలు ఏ రంగు పూస్తున్నాయి? ఇటునుంచి వచ్చేవాడికి అటు బండి కనపడుతుందా, మొక్కలు అడ్డమా?" అని గుచ్చిగుచ్చి అడిగాడు. ఆవిడ చెబుతూనే ఉంది. జనం వాళ్ళను తప్పుకుని పోతున్నారు.

పరీక్ష రోజు లైసెన్సు ఆఫీసులో ముందు కంటిచూపు చూశారు. గోడ మీది అక్షరాల్లో అడుగు వరుస కూడా ఆవిడ టకటకా చదివేసింది. "భేష్, చూపు బాగుందమ్మా," అన్నాడు గుమాస్తా. బెంచీ మీద కూర్చున్న భర్తకు ఆ మాట వినపడింది. ఆయన తల ఊపాడు. పుట్టినప్పటినుంచీ ఉన్న చూపును ఆవిడ ఎన్నడూ లెక్కచేయలేదు. ఆ క్షణాన అది తన సొంతం కాదేమో, ఎవరో భద్రంగా దాచమని చేతికిచ్చారేమో అనిపించింది.

స్క్రీన్ మీద బొమ్మలు వచ్చాయి. ఒకటి తప్పింది. మిగిలినవి తప్పలేదు. పాసైంది.

మరుసటి ఆదివారం వ్యానులో ఆవిడ పక్కన లైసెన్సున్న తమ్ముడు కూర్చున్నాడు. డ్రైవరుగారు వెనక సీట్లోకి ఎక్కాడు. ఆటస్థలంలో మొదటిసారి బండి ఎగిరిపడి ఆగిపోయింది. రెండోసారీ అంతే.

"క్లచ్ మీద కోపం వద్దు. మెల్లగా వదులు," వెనకనుంచి వినపడింది.

ఈసారి వ్యాను కదిలింది. చెట్లు, గోడ, గోల్ పోస్టు మెల్లగా తనవైపు నడిచొస్తున్నాయి.

"ఏమక్కా, భయమా? ఉలుకూ పలుకూ లేదు?" అన్నాడు తమ్ముడు.

"కాసేపు మాట్లాడకురా," అంది దుప్పట్లమ్మ. "చూస్తున్నాను."