తాతయ్య నేర్పని కోర్టు మాట

నా చిన్నప్పుడు నేను ఇంగ్లీషు రెండు చోట్ల నేర్చుకున్నాను. బడిలో పంతులుగారు కుక్కనూ పిల్లినీ ఇంగ్లీషులో ఏమంటారో చెప్పారు. ఇంటి అరుగు మీద మా తాతయ్య ప్లెయింటిఫ్, డిఫెండెంట్, విట్‌నెస్ నేర్పాడు. బడి మాటలకంటే అరుగు మాటలే నాకు ముందు వచ్చాయి. తాతయ్య వయసులో ఉండగా గురజాలలో ఒక వకీలు దగ్గర గుమస్తాగా చేశాడు. ఆ పని మానేసి వ్యవసాయంలోకి దిగినా, ఆ మాటలు మాత్రం ఆయన నోటిని వదల్లేదు.

సాయంత్రం పూట వీధి పిల్లలందరినీ పోగేసి మాతో కోర్టు ఆట ఆడించేవాడు. ఫిర్యాదు చేసేవాడు ప్లెయింటిఫ్, తప్పించుకోజూసేవాడు డిఫెండెంట్. స్టే అంటే ఏందని అడిగితే, "నేనొచ్చిందాకా కుండ మీద మూత తియ్యబాకండి అంటదే మీ నాయనమ్మ, అదేరా స్టే" అనేవాడు. ఎవిడెన్స్ అంటే మూతికి అంటుకున్న మీగడ. అడ్జర్న్‌మెంట్ అంటే వాయిదా, ఈ రోజు తేలని తగువును ఇంకో రోజుకు జరపడం. అన్నిటికీ నవ్వించేవాడు గానీ, ఓత్ దగ్గర మాత్రం నవ్వేవాడు కాదు. మా చేత కుడిచెయ్యి చాపించి, "ప్రమాణం చేసినాక అబద్దమాడినోడు మళ్ళా నా అరుగెక్కగూడదు" అనేవాడు. ఆ మాటతో మాకు ఒళ్ళు జలదరించేది. లోకంలో కోర్టు అనేది ఉంటే అది మా తాతయ్య లాగే ఉంటుందని అనుకునేవాణ్ణి.

పక్కింటి అక్క మా పక్కింట్లోనే పుట్టి, ఊళ్ళోనే కాపురానికి వెళ్ళి, భర్త పోయాక చంటిపిల్లతో పుట్టింటికి తిరిగి వచ్చింది. భర్త వాటా పొలం ఆమెకు దక్కింది గానీ, దానికి పోయే బండిబాట మరిది చేలోగుండా ఉంది. మరిది ఆ బాటకు అడ్డంగా ముళ్ళకంప వేశాడు. బాట లేకపోతే ఎరువు బండి లోపలికి పోదు, మిరపకాయల బస్తా బయటికి రాదు. పొలం ఉండీ లేనట్టే. మా చేను కూడా ఆ పక్కనే. అక్క మామగారి కాలం నుంచీ ఆ బాటన బండ్లు పోవడం తాతయ్య కళ్ళారా చూసినవాడు. అందుకే ఏడుస్తూ వచ్చిన అక్కను కోర్టుకు పొమ్మని చెప్పింది ఆయనే. "నేను లేనా అమ్మాయ్? బోనెక్కి ఉన్నది ఉన్నట్టు చెప్తా. నువ్వు దిగులు పడమాక" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ రోజు తాతయ్యను చూసి నాకు ఎంత గర్వమో.

సాక్ష్యానికి ముందు రోజు సాయంత్రం అక్క మరిది మా ఇంటికి వచ్చాడు. గొడవ పడతాడేమోనని నేను స్తంభం చాటున నిలబడ్డాను. గొడవ లేదు. మంచినీళ్ళు తాగి, "ఏంది తాతా, నీళ్ళు బాగా పారతన్నాయా నీ చేనికి?" అని అడిగాడు. మా చేనుకు కాలువ నీళ్ళు వాళ్ళ గట్టున మడవ తీస్తేనే, వాళ్ళ పొలం మీదుగా రావాలి. తాతయ్య తలూపాడు. "పారాలి మరి. మడవ నా గట్టునే ఉందిగా, చూసుకుంటాలే" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. తాతయ్య ఆ సాయంత్రం కోర్టు ఆట వద్దన్నాడు.

మా ఊరి నుంచి గురజాలకు పొద్దున ఒక్కటే బస్సు. వాదీ ప్రతివాదీ అందులోనే పోవాలి. మరిది ముందు సీట్లో, మేము వెనక. అక్క నన్ను వెంటబెట్టుకుంది, బడి కూడా మాన్పించి. వకీళ్ళు ఇంగ్లీషులో ఏమేమో అనుకుంటారు, తనకు ఒక్క ముక్కా అర్థం కాదు. "నువ్వే నాకు చెవులు రా" అంది. మా ప్రాంతంలో సాక్షికి ఆ పూట తిండి పెట్టేది పిలిచినవాళ్ళే. అక్క తెల్లారకముందే లేచి పులిహోర కలిపి మూట కట్టింది. కోర్టు ఆవరణలో ఆకులు పరిచి వడ్డించబోతే, తాతయ్య ఈ రోజు ఒక్కపొద్దు అన్నాడు. "ఎప్పుడూ లేంది ఇయ్యాలేంది తాతా, ఒక్క ముద్దన్నా తిను" అని అక్క బతిమాలింది. ఆయన వద్దంటూ ముఖం తిప్పుకున్నాడు. ఆయన వాటా కూడా నేనే తిన్నాను. ఇంగువ వేసిన ఆ పులిహోర చానా బాగుంది.

పేర్లు పిలిచే వేళకు చంటిపిల్ల ఏడుపు అందుకుంది. బంట్రోతు కసిరి అక్కను వరండాలోకి పంపేశాడు. "నువ్వు లోపలుండి వినురా. ఏ ముక్కా వదలమాక" అని ఆమె నన్ను తోసింది. తాతయ్య బోనెక్కి ప్రమాణం చేశాడు. ఆ మాటలు నాకు నోటికొచ్చినవే కాబట్టి ఆయనతో పాటు నేనూ పెదవులు కదిపాను. అక్క వకీలు, ఆ పొలానికి బండ్లు ఏ దారిన పోయేవని అడిగాడు.

"నాకు తెలవదండీ" అన్నాడు తాతయ్య.

"మీ కళ్ళతో చూశానని నాతో చెప్పారుగా?"

"నేను చూళ్ళేదండీ. నాకేం గుర్తు లేదు."

పైన ఫ్యాను కిర్రుమంటోంది. నాకు సరిగా వినపడలేదేమో అనుకున్నాను. వకీలు కోపంగా జడ్జిగారి వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. అందులో విట్‌నెస్ అన్న మాట పట్టుకున్నాను. దాని తర్వాత హోస్టైల్ అన్నాడు. ఆ మాట తాతయ్య నేర్పలేదు. కానీ మరిది ముఖంలో నవ్వు చూశాక, దాని అర్థం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

వరండాలో అక్క పిల్లను భుజానేసుకుని నిలబడి ఉంది. "ఏమైందిరా? తాత చెప్పాడా?" అని ఎదురొచ్చింది. నేను నోరు తెరిచే లోపల వెనక నుంచి తాతయ్య వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను తల ఎత్తకుండా, "వాయిదా పడిందక్కా. అడ్జర్న్‌మెంట్ అన్నారు" అన్నాను.

అక్క నమ్మింది. ఇంగ్లీషు మాట కలిపాను గనక ఇంకా గట్టిగా నమ్మింది. "ఓస్, అంతేనా! ఎంత బయపడ్డానో" అని నవ్వి, "నావల్ల మళ్ళా నీకు తిప్పలే తాతా" అంది. వకీలు వేరే కేసుకని అప్పటికే ఇంకో హాల్లోకి వెళ్ళిపోయాడు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు తాతయ్యకు ఇచ్చి, తను పిల్లతో నిలబడింది. ఆయన ఊరు వచ్చేదాకా కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

ఇంటికి రాగానే అడిగాను, "తాతయ్యా, హోస్టైల్ అంటే ఏంది?" అని. "తర్వాత చెప్తాలే" అన్నాడు. ఎప్పటికీ చెప్పలేదు. మేమెవరమూ వద్దనకపోయినా మళ్ళీ ఆ అరుగు ఎక్కలేదు. వేసవిలో కూడా లోపలి గదిలోనే పడుకునేవాడు. మా చేనుకు నీళ్ళు మాత్రం బాగా పారాయి.

తర్వాతి వాయిదాకు వెళ్ళినప్పుడు వకీలు గుమస్తా చెబితే అక్కకు నిజం తెలిసింది. కేసు పోయింది. ఆ ఏడు ఆమె మిరపకాయలు గట్ల మీదుగా నెత్తిన మోసింది. మోసినన్ని మోసింది, మిగిలినవి అదను తప్పిన వానకు కల్లంలోనే బూజుపట్టాయి. మా ఇంటి మీదకు వచ్చి తిడుతుందని రోజూ ఎదురుచూశాను. రాలేదు. ఒకరోజు నన్నే పిలిచింది. పంచలో కాయలకు తొడిమలు తీస్తూ, "ఒరేయ్, ఆ కోర్టు మాటలన్నీ నాకు నేర్పు. ఇంకొకళ్ళని లోపలికి పంపి వినే పని పెట్టుకోనిక" అంది.

నేర్పాను. ఒక్కో మాటా ఆమె తప్పుగా పలకడం, నేను దిద్దడం. తాతయ్య చెప్పిన స్టే కుండ, ఎవిడెన్స్ మీగడ అన్నీ చెప్పాను. ఆమె నవ్వింది కూడా. అన్నీ అయ్యాక తనే అడిగింది.

"అడ్జర్న్‌మెంట్ అంటే?"

"వాయిదా అక్కా."

"ఆ పొద్దు జరిగింది అదేనా?"

నేను తల అడ్డంగా ఊపాను. మిరప ఘాటో ఏడుపో తెలియకుండా కళ్ళు మండాయి.

"మీ తాత ఆ పొద్దు నా పులిహోర ముట్టలేదు. అప్పుడే నాకు తెలియాల్సింది" అంది, తొడిమలు తీస్తూనే. పెట్టిన చేతి తిండి తిని ఎదురు చెప్పే సాక్షి మా ప్రాంతంలో ఉండడు. మాట మార్చదలచినవాడు ఏదో వంక పెట్టి ఆకు దగ్గర కూర్చోడు. తాతయ్యకు ఆ మాత్రం భయం ఉంది. అక్క తలెత్తి నా వైపు చూసింది. మరి నువ్వు తిన్నావుగా అంటుందేమోనని చూశాను. అనలేదు. ఇంకో గుప్పెడు కాయలు చేటలోకి తీసుకుంది.

పై కోర్టులో కేసు నడిచినన్నాళ్ళూ ఆమె హాలు లోపలే నిలబడింది. పిల్ల ఏడిస్తే మా అమ్మ ఎత్తుకునేది. ఏళ్ళు పట్టింది గానీ బాట వచ్చింది. ఇప్పుడు ఆ చంటిపిల్ల ట్రాక్టరు దాని మీదే పోతుంది. కనిపిస్తే, "ఎక్కు మామయ్యా, చేను దాకా దింపుతా" అంటుంది. అమ్మకు కోర్టు ఇంగ్లీషు నేర్పింది నేనేనని గొప్పగా నలుగురికీ చెబుతుంది. అక్క కూతురికి ఆ ఒక్కటే చెప్పి పోయింది.

తాతయ్య నన్ను మోసం చేశాడన్న బాధ ఆయన పోయాక కూడా పోలేదు. నేర్పినవాడే తప్పాడు, అందుకే నేనూ తప్పానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. వరండాలో ఆయన నా భుజం నొక్కి నోరు మూయించాడనీ చెప్పుకున్నాను. ఇప్పుడు ఆయన వయసు నాకు వచ్చింది. మెట్లు దిగేటప్పుడు మనవడి భుజం పట్టుకుంటున్నాను. ఆ రోజు తాతయ్య నొక్కలేదు. ఆ చేతిలో బలమే లేదు, ఊరికే ఆనుకుని ఉంది. కొంచెం పక్కకు జరిగితే జారిపోయేది. నేను జరగలేదు.