రాష్ట్రం వచ్చేదాకా ఆర్పని ట్యూబులైటు

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జరిగే ఆ రోజుల్లో జనగామలో ఇంటికొక ఉద్యమకారుడు ఉండేవాడు. మా ఇంట్లో మాత్రం మా నాన్నకు అన్న అయిన పెద్దబాపుతో పాటు నాలుగు రంగు చేపలు కూడా ఉద్యమంలో ఉండేవి. వాటి ఇష్టం ఎవరూ అడగలేదు. (నన్నూ ఎవరూ ఏదీ అడిగేవాళ్లు కాదు. అందుకేనేమో వాటి కష్టం నాకు తొందరగా అర్థమైంది.)

పెద్దబాపుకు లింగాల ఘనపూర్‌లో పొలం, జనగామలో ఇల్లు, ఏదో ఒక పదవి మీద ఆశ ఉండేవి. వచ్చిపోయే నాయకులు చూసి మెచ్చుకోవాలని ముందుగదిలో చేపల తొట్టి పెట్టించాడు. దానికి లైటు కొనడానికి ఇంటర్ చదువుతున్న నన్ను వెంట తీసుకెళ్లాడు, డబ్బాల మీది ఇంగ్లీషు చదవడానికి. "తెల్లది తీస్కపో పటేలా, చేపలకు మంచిది. దినాం ఎనిమిది గంటలు ఏస్తె సాలు," అన్నాడు దుకాణదారుడు. డబ్బా మీదా అదే రాసి ఉంది. "తెల్లది దవాఖానల పెడ్తరు. గులాబిది తియ్యి, మన జెండ రంగు," అన్నాడు పెద్దబాపు. నా వైపు తిరిగి, "ఏమంటవ్ బిడ్డా?" అన్నాడు. "ఊఁ" అన్నాను. (అప్పటికి నేను బయట చేసిన అతి పెద్ద ప్రసంగం అదే.)

ఆ సాయంత్రం పదిమంది ముందు స్విచ్ వేస్తూ, "రాష్ట్రం వచ్చేదాక ఈ లైటు ఆరది!" అని శపథం చేశాడు. చప్పట్లు మోగాయి. చేపలకు కనురెప్పలుండవని లైబ్రరీ పుస్తకంలో చదివిన నేను లోపలికి పోయి డైరీ తెరిచాను. మొదట్లో కరెంటు కోతలే వాటిని కాపాడాయి. ఊరంతా కోతలను తిడుతుంటే తొట్టిలో నాలుగు ప్రాణాలు హాయిగా కునుకు తీసేవి. శపథానికి భంగం కలుగుతోందని పెద్దబాపు ఇన్వర్టర్ పెట్టించాడు. నెల తిరక్కుండా అద్దాలకు పాచి పట్టింది, ఒక చేప చచ్చిపోయింది. "నీళ్లు పడలె," అన్నాడు పెద్దబాపు. "నిద్ర లేదు," అని డైరీలో రాసుకున్నాను. దాని కింద "రేపు చెప్తాను" అని కూడా రాశాను. ఆ మాట పదకొండు రోజులు వరుసగా రాశాను.

అప్పుడు చౌరస్తాలో రిలే నిరాహార దీక్షలు జరుగుతున్నాయి. పెద్దబాపు తన వంతు రోజున ఇడ్లీలు తిని వెళ్లి, టెంటులో దిండుకు ఒరిగి గురక పెట్టి, సాయంత్రం నిమ్మరసం తాగి నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. నేను చాయ్ తెచ్చాను. "గీ చేపలేంది, గిట్ల అడుగుకు పండినయి?" అని ఒకాయన అడిగాడు. "గవి సుత దీక్షలున్నయి," అన్నాడు పెద్దబాపు. అందరూ పగలబడి నవ్వారు. నా చేతిలో కప్పులు గలగలలాడాయి.

"దీక్షకు వంతులుంటయి గద పెద్దబాపు," అన్నాను. "నువ్వు పొద్దంత పండి లేస్తవు, తెల్లారి ఇంకొకలు కూసుంటరు. వీటికి వంతు మార్చెటోళ్లే లేరు. ఇంకోటి సుత సచ్చెటట్టున్నది."

తలుపు వెనక పెద్దమ్మ కిసుక్కుమంది. పెద్దబాపు గొంతు సవరించుకుని, "నేను గదే చెప్పబోతున్న. ఇగ లైటు సుత రిలేనే! పగలు తొట్టిల గులాబిది, రాత్రి వాకిట్ల బల్బు!" అన్నాడు. మళ్లీ చప్పట్లు. ఆ తెలివి తనదేనని ఎన్నాళ్లో చెప్పుకున్నాడు.

రాష్ట్రం వచ్చింది. పెద్దబాపుకు పదవి రాలేదు. మూడు చేపలు మాత్రం రాష్ట్రాన్ని చూశాయి. మొన్న పాత డైరీ దొరికితే ఆ రోజు పేజీ తీశాను. దీక్ష గురించి, రాష్ట్రం గురించి ఒక్క ముక్క లేదు. "ఈరోజు మాట్లాడిన. కప్పులు పగల్లేదు," అని ఉంది. నవ్వుకున్నాను. ఇప్పటికీ ఆఫీసు మీటింగులో నోరు తెరవాలంటే ముందు చేతిలోని కప్పును బల్ల మీద పెట్టేస్తాను.