నూకరత్నం మేడం వదిలేసిన పిల్ల

ఈ ఉదయం పాతపట్నం బజారులో నడుస్తుంటే, మిఠాయి కొట్టు వెనకనుంచి ఉడుకుతున్న బెల్లం పాకంలో జీడిపప్పు వేసి కలుపుతున్న వాసన గుప్పున తగిలింది. ఎవరికైనా ఆ వాసనకు నోరూరుతుంది. నాకు గుండె జారింది. రాజాంలో నాతో కబడ్డీ ఆడిన ఆడపిల్లలు ఎవరున్నా అంతే అయ్యేది. ఎందుకంటే మా కోచ్ నూకరత్నం మేడం స్కూటీ కొక్కానికి జీడిపప్పు పాకం పొట్లం తగిలించుకుని ఎవరింటికైనా వచ్చారంటే, ఆ పిల్లను ఆవిడ టీములోంచి వదిలేసుకున్నారని అర్థం. పొట్లం చూసి ఇంట్లోవాళ్లు సంబరపడేవారు. మేం మాత్రం పెరటి గుమ్మం వైపు చూసేవాళ్లం.

కబడ్డీ పోటీల సంగతి తెలియనివారికి ఇది కాస్త విడమరచి చెప్పాలి. మా వైపు ఊళ్లకు ఆడపిల్లల కబడ్డీ లీగు ఒకటుంది. ఊరికో టీము, టీముకో కమిటీ, కమిటీకి డబ్బు పెట్టే వ్యాపారులు. ఆటలు ముగిసి ఎండలు ముదిరాక, మళ్లీ సీజను మొదలయ్యేలోపు ఒక తమాషా జరుగుతుంది. పాత ఆటగత్తెల జోలికి ఎవరూ రారు. కొత్తగా తయారవుతున్న పిల్లల్లో మాత్రం ప్రతి ఊరూ నలుగురిని 'వీళ్లు మావాళ్లు' అని పేర్లిచ్చి కాపాడుకోవచ్చు. మిగిలినవాళ్లను ఏ ఊరివాళ్లయినా ఎత్తుకుపోవచ్చు. ఎత్తుకుపోవడం తేలికే గాని ఒక మెలిక ఉంది. అలా తీసుకున్న పిల్లను సీజనంతా ఆడే పన్నెండు మందిలోనే ఉంచాలి. ఉంచలేమనుకుంటే ముందు పాత ఊరికే తిరిగి అప్పజెప్పాలి. వాళ్లూ వద్దంటేనే ఇంటికి పంపాలి. అందుకే ఆ వారం రోజులూ మా ఊళ్లలో ఎన్నికల వేడి ఉంటుంది. టీ కొట్ల దగ్గర పెద్దవాళ్లు సైతం ఎవరినుంచుతారు, ఎవరిని వదులుతారు అని పందేలు కాసుకుంటారు.

నూకరత్నం మేడం ప్రభుత్వ పాఠశాలలో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యాక రాజాం టీమును పట్టుకున్నారు. పొట్టి మనిషి, నేత చీర, దానికింద కాన్వాసు బూట్లు. మెడలో విజిల్ పెళ్లి పేరంటాలకు కూడా తీసేవారు కాదు. ఆవిడ నన్ను మొదటిసారి చూసింది గ్రౌండులో కాదు, రాజాం బస్టాండులో. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. బస్సు ఆగీ ఆగకముందే జనం ఎగబడ్డారు. మెట్ల మీద ముగ్గురు మగవాళ్లు అడ్డంగా ఇరుక్కుని తోసుకుంటున్నారు. నేను వాళ్ల చేతుల కిందనుంచి దూరి, లోపలికి పోయి, కిటికీ పక్క సీటు మీద చేతిరుమాలు వేసి కూర్చున్నాను. ఆ సీటు కోసమే బయటనుంచి కిటికీలో గొడుగు పెట్టి ఉన్నారట ఒకావిడ. తిట్టించుకోవడానికి సిద్ధమయ్యాను. ఆవిడ పక్కన వచ్చి చతికిలబడి, "ఒసే గుంటా, ఆ ముగ్గురి సేతుల కిందనుంచి ఎలగ దూరినావే? మల్లీ ఓపాలి సెప్పు. ఎడం బుజం ముందెల్లిందా, తల ముందెల్లిందా?" అని అడిగారు. నాకేం తెలుసు, దూరానంతే. "తెల్దా? మరీ మంచిది. రేపు సాయంత్రం కాలేజీ గ్రౌండుకి రా. ఈ సీటు నీకు వొదిలీసినాను కదా, అందుకైనా రా" అన్నారు. వెళ్లాను. వెళ్లిన రోజే మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాయి. ఇంటికి తిరిగొస్తూ దారంతా నవ్వుకుంటూనే ఉన్నాను.

ఆవిడ దగ్గర రెండేళ్లు నేర్చుకున్నాను. మా టీములో కూతకు వెళ్లే పెద్దమ్మాయిలు ముగ్గురుండేవారు. ముగ్గురూ గట్టివాళ్లే. నేను బయట బెంచీ మీద కూర్చుని నీళ్ల సీసాలు అందిస్తూ, నా వంతు ఎప్పుడొస్తుందా అని కళ్లు కాయలు కాసేలా చూసేదాన్ని. ప్రాక్టీసులో మాత్రం ఆ ముగ్గురికీ చుక్కలు చూపించేదాన్ని. కాబట్టి ఆ ఏడాది పేర్లిచ్చే వారం వచ్చినప్పుడు నాకేమాత్రం దిగులు లేదు. ఆ నలుగురిలో నా పేరు లేకపోతే ఇంకెవరిదుంటుంది? కమిటీ పెద్ద, రైసు మిల్లు పార్వతీశం గారు కూడా నా పేరెత్తి, "పైడితల్లిని వొదిలితే మిల్లు తలుపులు మూసుకుని ఇంట్లో కూకోవడమే" అని నలుగురిలో అన్నారు. ఆ మాట మా ఊరిదాకా వచ్చింది.

ఆదివారం పూట మా వీధి మొదట్లో స్కూటీ చప్పుడు వినిపించింది. కొక్కానికి పొట్లం కనిపించింది. నేను గుమ్మంలోనే బిగుసుకుపోయాను. మా అమ్మకు మేడం అలవాటు తెలియదు. పిల్ల టీచరమ్మ, అంత దూరంనుంచి, మిఠాయి పట్టుకుని వచ్చిందంటే ఆవిడ లెక్కలో అది ఘనమైన విషయం. మా అయ్యను పొలంనుంచి రమ్మని కబురు పెట్టింది, కోడిని కోయించింది, నాచేత కొత్త ఓణీ కట్టించింది. పక్కింటి పిన్ని పూలు తెచ్చి నా జడలో తురిమి, "పిల్లోడు ఏటి సేస్తన్నాడట?" అని చెవిలో అడిగింది. మేడం ఏదో సంబంధం తెచ్చారని వీధి వీధంతా అనుకుంటోంది. నేను ఏడవలేను, నవ్వలేను. మేడం మాత్రం నిమ్మళంగా కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని, రెండుసార్లు కూర వేయించుకుని తిన్నారు. చెయ్యి కడుక్కున్నాక, "వదినా, నీ కూతుర్ని ఈయేడు నా టీములో ఉంచుకోవడం నేదు. ఆ మాట సెప్పడానికే వొచ్చినాను" అన్నారు.

మా అయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఏటి మేడం, మా పిల్ల ఏటి తప్పు సేసినాది?"

"తప్పు సేస్తే గ్రౌండులోనే తిడతాను బావా, ఇంటికెందుకొస్తాను? దీనికన్నా ముందు ముగ్గురున్నారు. ఆల్లు ఇంకో మూడేల్లు కదలరు. నా దగ్గరుంటే ఈ గుంట బెంచీ మీదే ముసిల్దైపోతాది. ఇంకో ఊరోల్లు తీసుకుంటే ఆడించి తీరాల. రూలే అలగున్నాది."

ఇదంతా నా చెవికెక్కలేదు. వద్దన్నారు, అంతే. "నన్నొద్దన్నోలు మా ఇంట్లో బువ్వెందుకు తిన్నారు?" అని అరిచాను. మా అమ్మ నా నోరు మూయబోయింది. మేడం ఏమీ అనుకోలేదు. "కూర బాగున్నాదే, అందుకు తిన్నాను" అన్నారు. గుమ్మం దిగుతూ మాత్రం ఆగి, "ఉంచుకున్నోల ఇంటికి నాను ఎల్లను. ఆల్లెలాగూ రేపు గ్రౌండుకొస్తారు. వొదిలినోల మొగమే సూడాల. సూడ్డానికి నాకే దైర్యం నేకపోతే మరి వొదలకూడదు కదే" అన్నారు. ఆ రోజు ఆ మాట నాకు పుండు మీద కారంలా తగిలింది. మా అయ్య ఒక్కటే అన్నాడు, "ఈయేడు ఆడితే ఆడు, నేదంటే ఆటలు సాలు" అని. ఆయన ఒకసారి అన్నాడంటే అన్నాడే.

ఎంపిక అరసవల్లిలో ఒక కల్యాణమండపంలో జరిగింది. ఊళ్లవారీగా పిలుస్తున్నారు. ఒక ఊరు లేచింది, పొడుగాటి డిఫెండరును తీసుకుంది. ఇంకో ఊరు లేచింది, మాకెవరూ వద్దంది. నేను వెనక వరుసలో కూర్చుని ఓణీ కొంగు నలిపేస్తున్నాను. మేడం ముందు వరుసలో ఉన్నారు, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. చివరికి పాతపట్నం వంతు వచ్చింది. ఆ టీము చూసుకునేది బట్టల కొట్టు శంకర్రావు గారు. లేచారు, మళ్లీ కూర్చున్నారు, పక్కవాళ్లతో గుసగుసలాడారు. మళ్లీ లేచి, "రాజాం పైడితల్లి" అన్నారు. మండపమంతా హోరెత్తింది! ముందు వరుసలో మేడం చీర కొంగుతో మొహం తుడుచుకోవడం చూశాను. చెమట అనుకున్నాను. ఆ పూట నాకు సంతోషంగా ఉందో కోపంగా ఉందో నాకే తెలియలేదు.

పాతపట్నంలో మొదటి ఆటలన్నీ బోర్లాపడ్డాను. ప్రాక్టీసు వేరు, వెయ్యిమంది కేకల మధ్య కూతకు వెళ్లడం వేరు. గీత దాటగానే కాళ్లు రాళ్లయ్యేవి. ఎవరో ఒకరు చీలమండ పట్టేసేవారు, అవుట్. జనం "బట్టలకొట్టోడు బేరం పోగొట్టుకున్నాడు" అని ఎగతాళి చేస్తుంటే శంకర్రావు గారికి తల కొట్టేసినట్టయ్యింది. ఒక సాయంత్రం నన్ను కొట్టుకు పిలిచి, నా ముందే మేడంకు ఫోను కలిపి స్పీకరు పెట్టారు. "మేడం గారూ, మీ గుంటని మీరే తీసుకెల్లిపోండి. మాకింక సోటు నేదు."

"తీసుకోను" అన్నారు మేడం.

రాజాం వద్దంటే నన్ను ఇంటికి పంపించేయొచ్చు. ఇంటికి పోతే మా అయ్య మాట ఉండనే ఉంది. అంటే నా ఆట అక్కడితో సరి.

"తీసుకోను శంకర్రావూ. అది మరి నా గుంట కాదు, నీ గుంట. వొచ్చే ఆట మాతోనే కదా, మా గ్రౌండులోనే కదా? ఆడించు. పడిపోతే ఇంటికి పంపించీ, నానేటీ అనను" అని ఫోను పెట్టేశారు. ఒకే మనిషి నన్ను రెండుసార్లు వదిలేసింది. ఆ రాత్రి హాస్టల్లో దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. తెల్లారేసరికి ఏడుపు పోయి, ఆవిడ కళ్లముందే గెలవాలన్న పంతం మిగిలింది.

రాజాం ఆట! ఇప్పటికీ తలుచుకుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కాలేజీ గ్రౌండు కిటకిటలాడిపోతోంది. గోడల మీద, ట్రాక్టర్ల మీద జనం. మొదటి సగంలోనే నాలుగు పాయింట్లు తెచ్చాను. రెండో సగంలో రెండు టీములూ నువ్వా నేనా అని లాగాయి. ఆఖరి కూత మిగిలింది, మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. అవతల రాజాం వాళ్లు ముగ్గురు మిగిలారు. శంకర్రావు గారు నా వైపు చూడకుండానే, "ఎల్లమ్మా" అన్నారు. గీత దాటాను. కబడ్డీ కబడ్డీ కబడ్డీ... కుడి మూలలో అమ్మాయి భుజానికి చెయ్యి తగిలించాను. వెనక్కి తిరిగేలోగా నడుం పట్టబోయిన రెండోదాన్ని కాలితో తాకాను. మూడోది దారికి అడ్డంగా చేతులు బారచాపింది. ఆ చేతుల కిందనుంచి ఎలా దూరానో దేవుడికే తెలియాలి. మ్యాట్ మీద బోర్లా జారుతూ వేళ్లు చాపితే గీత తగిలింది. విజిల్ మోగింది. ఒక్క పాయింటుతో గెలిచాం! నేను లేచి, రాజాం బెంచీ ముందుకు పరిగెత్తి, మేడం కళ్లలోకి చూస్తూ తొడగొట్టాను.

అప్పుడు చూశాను. ఓడిపోయిన టీము కోచ్ కుర్చీలోంచి లేచి చిన్నపిల్లలా గంతులేస్తోంది! పార్వతీశం గారు ఆవిడ భుజం పట్టుకుని, "మనం ఓడిపోతే గెంతుతారేటి మేడం? మన గుంటని మనమే పక్కూరికిచ్చీసి..." అని గోలపెడుతున్నారు. "తరవాత తిట్టండి బాబూ, ఇప్పుడు నన్ను సూడనీండి" అని ఆయన చెయ్యి విదిలించుకుని వచ్చేశారు ఆవిడ. వచ్చి నా రెండు చెవులూ పట్టుకున్నారు. "ఏటే, నామీదే తొడగొట్టినావా!" అన్నారు. కళ్లనిండా నీళ్లు, నోటినిండా నవ్వు. "పోనులో ఒద్దన్నాక నాకు బువ్వ దిగనేదే. ఈ గుంట పడిపోతే నానేటైపోవాల అని బయమేసినాదే" అన్నారు. నేను ఆవిడ మెడ కావిలించుకుని వదలలేదు. ఆ విజిల్ నా గుండెకు గుచ్చుకుంటూనే ఉంది.

మేడం పోయి రెండేళ్లయింది. ఆవిడ ఒక్క పేరు ఇవ్వకపోవడం వల్ల నేను ఆటగత్తెనయ్యాను, పాతపట్నం దాన్నయ్యాను, ఇప్పుడు ఆ టీముకే కోచ్‌నయ్యాను. ఈ వారం నేనూ నలుగురి పేర్లు ఇవ్వాలి. మా దగ్గర గౌరి అని ఒక పిల్ల ఉంది, మెరుపు. దానికి ముందు కూతకు వెళ్లేవాళ్లు మాకిప్పుడు ముగ్గురున్నారు. కమిటీవాళ్లు ఉంచమన్నారు. వద్దన్నాను. పొద్దున్నించీ కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎవరూ తీసుకోకపోతే? ఆ పిల్ల ఏడాది బూడిదైపోతే? మేడం అన్నం దిగలేదని ఎందుకన్నారో ఈ రోజు నాకు పూర్తిగా అర్థమైంది.

మధ్యాహ్నం గౌరి ఇంటికి వెళ్లి, చెప్పవలసింది చెప్పాను. అది విన్నది, పైనుంచి కిందికి నన్ను చూసింది, నా మొహం మీదే తలుపు ధడేలున వేసింది. ఎండలో గుమ్మం ముందు నిలబడిపోయాను. లోపలనుంచి వాళ్లమ్మ మీద అరుస్తోంది, "సూడే అమ్మా, ఎవులో ఒకులు నన్ను తీసుకుంటారు! తీసుకున్నాక ముందు ఈవిడ టీమునే ఓడిస్తాను, సూడు!"

"ఓడించవే నా తల్లీ, ఓడించు" అన్నాను, మూసిన తలుపుతోనే.