గార్డుగారి కాలు, నా నోరు

పోయిన నెల నాకు కంటి శుక్లం తీశారు. నల్లద్దాలు పెట్టుకుని కాప్రాలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఉంటే, మా చర్చి సంఘం నుంచి కొత్తగా పెళ్లయిన జంట ఒకటి పరామర్శకు వచ్చింది. ఆ అమ్మాయి చేతిలో యాపిల్ పండ్ల కవరు, అబ్బాయి చేతిలో బైబిలున్న సెల్‌ఫోను. "ఎలా ఉన్నారంకుల్?" అని అడిగారు. అడిగారు కదా, చెబుదామని నేను గొంతు సవరించుకున్నాను. "నొప్పి తక్కువనే గని, రెండో కన్ను సుత చేయాలంటున్నరు, అదే జెర భయం..." అన్నానో లేదో, "ప్రార్థన చేద్దామా అంకుల్" అని ఇద్దరూ ఒక్కసారే కళ్లు మూసుకున్నారు. కంటి ఆపరేషన్ అయినవాణ్ణి, ఆ గదిలో కళ్లు తెరుచుకుని ఉన్నది నేనొక్కణ్ణే. నవ్వు ఆపుకోలేక భుజాలు కదిలిపోయాయి. నేను ఏడుస్తున్నాననుకుని ఆ పిల్లలు ప్రార్థనను ఇంకాస్త పొడిగించారు.

వాళ్లు వెళ్లాక మా ఆవిడ తిట్టింది. "పాపం, అంత భక్తిగ చేస్తుంటే గిట్ల నవ్వుతవా? ఏమనుకుంటరు?" అంది. ఏమీ అనుకోరు, కంట్లో వేసిన మందు తలకెక్కిందనుకుంటారు అన్నాను. నిజానికి నేను నవ్వింది వాళ్లను చూసి కాదు. మా టీచరమ్మ గుర్తొచ్చింది. ఆమె అక్కడ ఉంటే ఎర్ర సిరా పెన్ను తీసి ఆ 'ప్రార్థన చేద్దామా' చుట్టూ ఒక సున్నా చుట్టి ఉండేది.

ఆమె దగ్గర శిక్షణకు వెళ్లిన రోజుల్లో సీతాఫల్‌మండిలో నాకు టైలరు షాపు ఉండేది. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, వచ్చినవాళ్లు కూర్చోవడానికి గోడవారగా ఒక బెంచీ. అందరూ నన్ను మాస్టర్ అనేవారు. బట్టలు కుట్టించుకునేవాళ్లకన్నా నా కబుర్లు వినడానికి వచ్చేవాళ్లే ఎక్కువని మా ఆవిడ ఆరోపణ. బడి ఏడో తరగతిలో మానేశాను. మాట్లాడకుండా కూర్చోమని సారు చెప్పారు, అది నా వల్ల కాలేదు, అంతకు మించి గొడవేమీ లేదు. అలాంటివాణ్ణి మా పాస్టరుగారు కౌన్సెలింగ్, కాపరి పరిచర్య శిక్షణకు, అంటే రోగుల్నీ బాధల్లో ఉన్నవాళ్లనీ పరామర్శించడం నేర్చుకోవడానికి, పంపించారు. సంఘానికి ఇద్దరి చొప్పున కావాలని సికింద్రాబాదులోని శిక్షణ కేంద్రంవాళ్లు ఉత్తరం రాశారట. హైస్కూలు సారు ఒకాయన సిద్ధమయ్యారు. రెండోవాళ్లు దొరకలేదు. శనివారం మధ్యాహ్నాలు ఎవరికి కుదురుతాయి? నాకు కుదిరాయి. ఒప్పుకున్న రోజుకి బట్టలు ఇవ్వలేని టైలరుకి శనివారం షాపులో లేకపోవడమే క్షేమం.

టీచరమ్మ రిటైరైన నర్సు. బందరు వైపు మనిషి. తెల్ల చీర, చేతికి మగవాళ్ల వాచీ. మొదటి రోజు "ఎంతవరకూ చదువుకున్నారు?" అని అందరినీ అడుగుతూ వచ్చింది. అందరూ డిగ్రీలు చెప్పారు. నా వంతు వచ్చేసరికి "ఏడో తరగతి వరకు అమ్మగారూ, గది సుత రెండుసార్లు" అన్నాను. గదంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "నవ్వించాక ఏం చేస్తావు?" అని అడిగింది. అదేం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. నవ్వించాక ఇంకోసారి నవ్విస్తాం, అంతే కదా.

ఆ క్లాసు నేను ఊహించినట్టు లేదు. వాక్యాలు కంఠస్థం చేయిస్తారనుకున్నాను. ఆమె మమ్మల్ని ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెట్టేది. ఒకరు తమ బాధ ఏదో చెప్పాలి, ఒకరు వినాలి, మూడోవాళ్లు ఆ వినేవాణ్ణి గమనించాలి. వినేవాడు సలహా ఇవ్వకూడదు, తన కథ మొదలుపెట్టకూడదు, వాక్యం చెప్పకూడదు. "మరి ఉన్నదెందుకమ్మా వాడు?" అని అడిగాను. "ఉండటానికే" అంది. నేను వినేవాణ్ణయినప్పుడల్లా చెప్పేవాళ్లు బాధ మరిచిపోయి నవ్వుతూ లేచేవారు. నాకు గర్వంగా ఉండేది, ఆమె మాత్రం తల అడ్డంగా ఊపేది. ఒకసారి విసిగిపోయి, "మాస్టరూ, నువ్వు అసలు ఎప్పుడన్నా నోరు మూసుకుంటావా?" అని అడిగింది. బట్టలు ట్రయల్ చూసేటప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుంటాం కదా, అప్పుడు మూసుకుంటానని చెప్పాను. "అయితే మనిషి దగ్గర కూర్చున్నప్పుడు నీ నోట్లో సూదులున్నాయనుకో" అంది.

ఇంకో పని కూడా ఉండేది. వారానికొకసారి ఆసుపత్రికి వెళ్లి ఒక రోగి దగ్గర కూర్చుని, ఆయన ఏమన్నాడో మనమేమన్నామో పొల్లు పోకుండా కాగితం మీద రాసుకురావాలి. దాన్ని క్లాసులో అందరి ముందూ చదవాలి. చదువుకున్నవాళ్లు రాసిన కాగితాల్లో రోగులు పాఠ్యపుస్తకాల్లా మాట్లాడేవారు. 'నా హృదయము మిక్కిలి భారముగా ఉన్నది' అంటారట, సీతాఫల్‌మండి పండ్ల బండివాళ్లు. నాకు ఆ భాష రాదు కనుక ఎవరెట్లా అంటే అట్లా రాసేవాణ్ణి, తప్పుల తడకగా. టీచరమ్మ తప్పులు దిద్దేది కాదు. ఆమె ఎర్ర పెన్ను ఒక్కచోటికే పోయేది. ఎవరి కాగితమైనా సరే, 'ప్రార్థన చేద్దాం' అనే మాట వెతికి సున్నా చుట్టేది, దానికి ముందు రోగి ఏమన్నాడో గట్టిగా చదవమనేది. హైస్కూలు సారు ఒకసారి చదివారు: 'నేను చచ్చిపోతానా సార్ అని రోగి అడిగెను. ప్రార్థన చేద్దామంటిని.' "దేవుడి దగ్గరికి వెళ్లడానికి మూసుకున్నారా కళ్లు, ఈయన దగ్గర్నుంచి పారిపోవడానికా?" అంది ఆమె మెల్లగా. నేను లోలోపల సంతోషించాను. నా కాగితాల్లో ఆ సున్నా ఎప్పుడూ పడలేదు మరి.

ఆ రోజుల్లోనే మా సంఘంలోని గార్డుగారు ఆసుపత్రిలో చేరారు. గూడ్సు బండికి గార్డుగా చేసి రిటైరైన మనిషి, ఇరవై ఏళ్లుగా సండేస్కూలు పిల్లలకు పాఠాలు చెప్పే పెద్ద. భార్య చనిపోయింది, కూతురు నేరేడ్‌మెట్‌లో ఉండేది. షుగరు వల్ల కుడిపాదం మీద పుండు పడి, వేళ్లు నల్లబడ్డాయి. మోకాలి కింది వరకు తీసేయాలన్నారు డాక్టర్లు. సోమవారం కల్లా సంతకం పెడితే మోకాలు దక్కుతుంది, ఆలస్యమైతే మనిషి దక్కడు అని తేల్చి చెప్పారు. ఆయన పెట్టనన్నారు. ఎందుకో చెప్పరు. సంఘమంతా బృందాలుగా వెళ్లి ప్రార్థన చేసి వచ్చింది. నేను గురువారం వెళ్లాను. శనివారం ఆ కాగితమే క్లాసులో చదివాను.

"నేను: ఏం గార్డుగారూ, ఎట్లున్నరు? ఆయన: బండి ఔటర్‌లో ఆగిపోయిందయ్యా. సిగ్నల్ లేదు. నేను: పచ్చజెండ మీ చేతిల్నే ఉండె గద ఇన్నేండ్లు, ఊపుకోన్రి. (వార్డులో నవ్వులు.) ఆయన: కాలు తీశాక ఆ తర్వాత సంగతేంటో ఎవరూ చెప్పరు. నేను: తర్వాతేముంది, ప్యాంటుకు గుడ్డ మిగుల్తది, దాంతోటి మీ మనవనికి నిక్కరు కుడ్త. (అందరూ నవ్విరి. ఆయన సుత నవ్వె.)"

క్లాసులో కూడా నవ్వారు. టీచరమ్మ కాగితం అడిగి తీసుకుంది. ప్రార్థన అనే మాట ఎక్కడా లేదు కదా అని నేను ధీమాగా ఉన్నాను. ఆమె నేరుగా నిక్కరు చుట్టూ సున్నా చుట్టింది. "ముందు మాట చదువు మాస్టరూ" అంది. చదివాను. కాలు తీశాక ఆ తర్వాత సంగతేంటో ఎవరూ చెప్పరు. ఇంకోసారి చదవమంది. మూడోసారి చదువుతుంటే నా గొంతు నాకే వేరేగా వినిపించింది. ఆయన ఏదో అడగబోయాడు. మిగతావాళ్లు కళ్లు మూసుకుని పారిపోతే నేను పళ్లు చూపించి పారిపోయాను, అంతే తేడా. "ఆయన్ని నవ్వించావు. నవ్వించాక ఏం చేశావు?" అని అడిగింది. కాగితం చివర ఉన్నది ఒక్క ముక్కే: ఇంటికి వచ్చాను.

మర్నాడు ఆరాధన కాగానే ఆసుపత్రికి వెళ్లాను. మెట్ల దగ్గర గార్డుగారి కూతురు కనబడింది. "అన్నయ్యా, రేపు పొద్దున్నే డాక్టరుగారు వస్తారు. నాన్న కాగితం ముట్టుకోవట్లేదు. నువ్వన్నా కాస్త చెప్పు" అంది. నేను చెప్పడానికి రాలేదు తల్లీ అనబోయి ఊరుకున్నాను. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, నోట్లో లేని సూదుల్ని గట్టిగా పట్టుకున్నాను. గార్డుగారు నన్ను అనుమానంగా చూశారు.

"ఏంటయ్యా మాట్లాడవు? డాక్టర్లు నీతో ఏమన్నా చెప్పారా? నువ్వు ఊరికే కూర్చుంటే నాకు భయమేస్తోంది."

"మొన్న మీరొక మాటన్నరు గార్డుగారూ. కాలు తీసినంక సంగతేందో ఎవ్వరు చెప్తలేరని. నేనది నవ్వులల్ల కలిపేసిన. ఏం అడుగుదామనుకున్నరు?"

ఆయన గోడవైపు తిరిగారు. పైన ఫ్యాను ఒక్కో చుట్టుకీ కిర్రుమంటోంది. ఎంతసేపు అట్లా ఉన్నామో తెలియదు. నాకు మాత్రం నాలుగు ప్యాంట్లు కటింగ్ చేసినంత సేపనిపించింది. చివరికి ఆయన ఎవరికీ వినబడకుండా అడిగారు.

"కడబూర మోగినప్పుడు చనిపోయినవాళ్లమంతా సమాధుల్లోంచి శరీరంతో లేస్తామని పిల్లలకు ఇరవై ఏళ్లు చెప్పానయ్యా. ఈ కాలు తీసి చెత్తతో పాటు ఎక్కడో పారేస్తారు. నేను ఒంటికాలి మీద లేవాలా? మా ఆవిడ సమాధి పక్కన నాకు చోటుంచాం. ఆమె లేచి చూసేసరికి నేను కుంటుతూ... నవ్వుతావని తెలుసు. పాస్టరుగారిని అడగాలన్నా సిగ్గే. పాఠం చెప్పినవాణ్ణి, నాకే తెలియదని ఎట్లా చెప్పను?"

నా జీవితంలో అన్ని హాస్యాలు ఒక్కసారిగా నాలుక చివరకు రావడం అదే మొదలు, అదే ఆఖరు. అందులో రెండు చాలా బాగున్నాయి కూడా. ఈ రోజు వరకు ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా చెప్పను. ఆయన ముఖం చూస్తే అవి లోపలికే పోయాయి. మీసాలు నెరిసిన మనిషి, బడిపిల్లాడిలా నా జవాబు కోసం చూస్తున్నారు. "నాకు తెల్వదు గార్డుగారూ" అన్నాను. అది నిజం కూడా. "ఆ కాలు ఏడ ఉంటే మీకు మంచిగనిపిస్తది?" అని అడిగాను. "మా ఆవిడ దగ్గర" అన్నారు, ఇంకెక్కడ అన్నట్టుగా.

పక్క మంచం మీద పాత ఇనుము వ్యాపారం చేసే సాయిబు ఒకాయన ఉండేవాడు. గురువారం నా జోకులకు అందరికన్నా గట్టిగా నవ్వింది ఆయనే. ఇప్పుడు మోచేతి మీద లేచాడు. "మాఫ్ చేయి పెద్దాయనా, చెవుల పడ్డది. గిదానికి ఎందుకు పరేషాన్ అయితవు? మావోళ్లల్ల చెయ్యి తీసినా కాలు తీసినా దఫన్ చేస్తరు, మట్టిల పెడ్తరు. మా బావమరిది కాలు గట్లనే చేసినం. అర్జీ రాసిస్తే ఆస్పత్రోళ్లు ఇస్తరు, అడిగేటోళ్లుండాలె గంతే" అన్నాడు. గార్డుగారు ఆయన్ని చూశారు, నన్ను చూశారు. అంత పెద్ద సంఘం, అన్ని ప్రార్థనలు, ఒక్కరికీ ఈ సంగతి తోచలేదు. తోచడానికి ఆయన అడిగితే కదా, అడగడానికి మేం ఉంటే కదా.

కూతురు అర్జీ రాసింది. సోమవారం పొద్దున గార్డుగారు సంతకం పెట్టారు. ఆపరేషనయ్యాక ఆ కాలిని ఇంటివాళ్లకు ఇచ్చినప్పుడు తెల్లని లాంక్లాతు గుడ్డతో నేనే సంచీ కుట్టాను. ఆయన కాలి కొలత నాకు టేపు పెట్టకుండానే తెలుసు. గార్డుగారి భార్య పక్కన పెడదామని తీసుకెళ్తే శ్మశానంలో చిక్కొచ్చింది. కాపలా ఆయన రిజిస్టరు తెరిచి "పోయినాయన పేరు?" అని అడిగాడు. పోలేదు, ఆసుపత్రిలో ఇడ్లీ తింటున్నాడని చెప్పాను. "మరి ఎవరిని పెడుతున్నరు?" అన్నాడు. పాస్టరుగారి ఇబ్బంది పాస్టరుగారిది. ఆయన పుస్తకంలో పసిపిల్లలకు, పెద్దలకు వేర్వేరుగా క్రమం ఉంది గానీ కాలికి లేదు. చివరికి పుస్తకం మూసి తన సొంత మాటల్లో నాలుగు ముక్కలు చెప్పారు. ఆ మనిషిని ఇన్నేళ్లు మోసినందుకు ఆ కాలికి వందనాలు చెప్పారు. నేను విన్న ఆయన ప్రార్థనల్లో అదే చిన్నది.

ఆ ఆదివారం సంగతి కాగితం మీద రాస్తుంటే, మేమిద్దరం ఊరుకున్న ఆ కాసేపు ఎట్లా రాయాలో తెలియక మూడు వరుసలు ఖాళీగా వదిలేశాను. టీచరమ్మ ఆ ఖాళీ దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూసింది. "మరి గార్డుగారి ప్రశ్నకు సరైన జవాబేంటమ్మా?" అని అడిగాను. "నాకూ తెలియదు మాస్టరూ" అని కాగితం ఇచ్చేసింది. ఎర్ర సిరా ఎక్కడా లేదు.

గార్డుగారు కోలుకుని చంకకర్రల మీద నడవసాగారు. ప్యాంటు కుడికాలు మడిచి నేనే కుట్టి ఇచ్చాను, మిగిలిన గుడ్డతో మనవడికి నిక్కరు కూడా. రోజూ సాయంత్రం నా షాపుకొచ్చి బెంచీ మీద కూర్చుని నా కటింగుకు వంకలు పెట్టేవారు. ఎవరైనా కాలు గురించి అడిగితే, "లగేజీ ముందు బుక్ చేశానయ్యా, ప్యాసింజరు వెనకాల వస్తాడు" అనేవారు. ఆ జోకు నాది కాదని నాకు కొంచెం కుళ్లుగా ఉండేది. ప్యాసింజరు వెళ్లడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆయన్ని గోతిలోకి దించినప్పుడు తొంగి చూశాను. నేను కుట్టిన సంచీ ఏ మూల ఉందో, అసలు ఉందో లేదో తెలియనట్టు మట్టి ఒకే రంగులో ఉంది. ఆ మట్టికి తొమ్మిదేళ్లు ఒక్క పూట కావచ్చు. మా బెంచీ మీద మాత్రం అవి ఏ తొందరా లేకుండా, సాయంత్రం తర్వాత సాయంత్రంగా గడిచాయి.