వియన్నా రైలింగుకు పొందూరు పంచె

మా గేదె మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. వియన్నా ఆపెరా హౌసులో పాటల నాటకాన్ని కళ్లారా చూశాను. చూసొస్తానని విజయనగరం టీ కొట్టు దగ్గర ముందే గొప్పలు పోయాను కాబట్టి, చూడకపోతే తిరిగొచ్చి తలెత్తుకోలేను.

మాకు నిలబడి చూసే టిక్కెట్లే దొరికాయి. అక్కడ మన చోటు ముందున్న రైలింగుకు స్కార్ఫు కట్టి, కాఫీ తాగి రావచ్చు. ఆ చోటు ఎవరూ తీసుకోరు. మా ఊళ్లో వీధి నాటకానికి తువ్వాలు పరిచినట్టే! ఒక్కడు పరిస్తే ఇంటిల్లిపాదికీ చోటు. నేను సంచిలోంచి పొందూరు పంచె తీసి, ఈ కొస నుంచి ఆ కొసకు కట్టేశాను.

"ఇద్దరిమే గదా, తువ్వాలు సాలదేటి?" అంది మా ఆవిడ.

"ఉండనీయవే, ఇశాలంగా సూద్దాం."

కాఫీ తాగి వచ్చేసరికి దొరలూ దొరసానులూ వెనక గోడకు అతుక్కుని నిలబడ్డారు. పంచెను ఒక్కరూ ముట్టుకోలేదు. ఒక ముసలి దొర టోపీ తీసి, మీ వాళ్లింకా రాలేదా అని సైగ చేశాడు. వస్తున్నారని నేనూ సైగ చేశాను.

మా ఆవిడకు ఒళ్లు మండింది. "సిగ్గు నేదేటి నీకు? ఈళ్లకి కాళ్లు నొప్పెట్టవేటి?" అంటూ పంచె విప్పేసి, "రండమ్మా, రండి, సర్దుకోండి!" అని పిలిచింది. తెలుగు వచ్చినవాళ్లలాగే అందరూ ముందుకొచ్చారు. సర్దుకుంటూ సర్దుకుంటూ నేను రైలింగు చివరికి చేరాను.

ఇక ఒప్పుకుంటాను. కళ్లారా చూశానన్నది ఒక్కటే కల్పించాను. ఆ సాయంత్రమంతా నేను చూసింది ఒక స్తంభాన్ని. టీ కొట్టులో చెప్పాలి, కథేమిటని మా ఆవిడను అడిగితే, "నీ పంచెనడుగు" అంటోంది.