రెండు సగాల రంపం

ఈమధ్య మా వసారాలో నాకంటే ముందు పెట్రోలు వాసన నిద్ర లేస్తోంది. మా మేనల్లుడు రాజు చెట్లు కొట్టే చైన్ రంపం ఒకటి తెచ్చాడు. కొత్తది కాదు, ఎవరో వాడి వాడి మూలన పారేసింది. పాత చీర పరిచి, దానిమీద ఆ మిషన్‌ని చేపని శుభ్రం చేసినట్టు విప్పి, పిస్టను ఒక పక్క, ప్లగ్గు ఒక పక్క పెట్టుకుని పొద్దస్తమానం తుడుస్తూ కూర్చుంటాడు. నిన్న మంచినీళ్ళకని చెయ్యి చాపితే, "ఆ గ్లాసు ముట్టుకోకు మామయ్యా, కార్బురేటరు నానబెట్టా" అన్నాడు. నా వయసుకి అది తాగినా పెద్ద తేడా ఉండదనుకో, కానీ దాని కార్బురేటరు పాడవుతుందని ఊరుకున్నా. సాయంత్రం చైను పళ్ళకి సన్నటి ఆకురాయి పెట్టి జుర్రు జుర్రుమని అరగదీస్తుంటే, పళ్ళ సందుల్లో ఇరుక్కున్న వేప పొట్టు రాలింది. నూనెతో నల్లబడినా చేదు వాసన మాత్రం అలాగే ఉంది. ఆ చప్పుడూ ఆ చేదూ కలిసి నన్ను చెవి పట్టుకుని మా ఊరికి లాక్కుపోయాయి.

నందిగామ నుంచి చందర్లపాడు పోయే దారిలో మాది చిన్న పల్లె. మా నాన్న ఏసోబు, మా బాబాయి జక్రయ్య, ఇద్దరూ రంపపు కోతగాళ్ళు. మనిషంత లోతు గొయ్యి తవ్వి, దానిమీద దుంగని అడ్డంగా పెట్టి, ఒకడు దుంగ మీద నిలబడి, ఒకడు గొయ్యిలో నిలబడి, ఆ పొడుగాటి రంపాన్ని పైకీ కిందకీ లాగుతూ దూలాలూ పలకలూ కోసేవాళ్ళు. పైవాడు బొగ్గు దారంతో కొట్టిన గీత తప్పకుండా చూసుకోవాలి, కిందవాడు బలమంతా పెట్టి లాగాలి. ఆ రంపం మా తాత జగ్గయ్యపేటలో కొని, భుజాన వేసుకుని నడిచి తెచ్చిందట. ఆ భుజం మీది గాటు చచ్చేదాకా ఉందని మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ మార్తమ్మ, మెడల్ చూపించినట్టు చెప్పేది.

మా చిన్నతనమంతా రంపపు పొట్టే. ఎండాకాలం కొత్త కోత పడితే, చింత పొట్టు పుల్లగా, తుమ్మ పొట్టు వగరుగా, వేప పొట్టు ముక్కు చివర చేదుగా తగిలేవి. కళ్ళు మూసుకుని ఏ దుంగో చెప్పే పందెంలో నన్ను కొట్టినవాడు పల్లెలో లేడు. బళ్ళో ఎక్కాలు అడిగితే మాత్రం నాకు ఏ వాసనా వచ్చేది కాదు. వానాకాలం గొయ్యిలో నీళ్ళు నిలిచి కప్పలు కాపరం పెట్టేవి. చలికాలం పొట్టు పొయ్యి పొగకి ఇల్లంతా కళ్ళు మండేవి. క్రిస్మస్‌కి ఆ పొయ్యి మీదే అరిసెలు, కజ్జికాయలు. ఆదివారం నాన్న తలకి కొబ్బరినూనె రాసి, చలవ చొక్కా తొడుక్కుని గుడికొస్తే, ప్రార్థనకి తల వంచగానే చెవి వెనక నుంచి చాప మీద ఇంత పొట్టు రాలేది. బాబాయి మాత్రం తల వంచేవాడు కాదు, పైకెత్తి కళ్ళు నలుపుకునేవాడు. పొట్టంతా కిందవాడి కళ్ళల్లోకే కదా పడేది.

శనివారం సాయంత్రం రంపానికి సేవ. రెండు తాటి చెక్కల మధ్య దాన్ని పళ్ళు పైకి ఉండేటట్టు బిగించి, కిరసనాయిలు గుడ్డతో జిగురు తుడిచి, ఒక పన్ను ఎడమకి, ఒక పన్ను కుడికి వంచి, ఆకురాయి పెట్టేవాళ్ళు. దానికి మా తాత పెట్టిన పద్ధతి ఒకటుంది. నాన్నది కుడిచేతి వాటం, బాబాయిది పుర్రచెయ్యి. కుడిచెయ్యి ఒక వరస పళ్ళని ఎక్కువ తింటుంది, ఎడమచెయ్యి రెండో వరసని. అందుకని ఈ వారం ఈ చివర నుంచి ఆ చివరిదాకా నాన్న ఒక్కడే ఆకురాయి రాయాలి, బాబాయి కదలకుండా పట్టుకోవాలి. వచ్చే వారం బాబాయి రాస్తే నాన్న పట్టుకోవాలి. ఒకడి వంకర ఇంకొకడి వంకరతో తిన్ననయ్యేది.

అంతా అయ్యాక మామ్మ జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసి, రెండు వరసల పళ్ళ మధ్య సన్నటి కాలవలో పెట్టి, రంపాన్ని ఒక వైపు ఎత్తమనేది. ఆ సూది జరజరమని ఈ చివర నుంచి ఆ చివరికి, ఎక్కడా పక్కకి దొర్లకుండా జారిపోతే, "ఊఁ, లేవండి, బువ్వ తిందురు" అనేది. జారకపోతే బువ్వ లేదు. మా ఇంట్లో పరీక్ష తప్పితే పస్తే. బళ్ళో తప్పితే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు, అదొక్కటే నాకు కలిసొచ్చింది.

ఆ వేసవిలో బాబాయి కన్ను ఒకటి ఎర్రబడి, ఎంతకీ తగ్గలేదు. ఒకరోజు గొయ్యి అంచున నిలబడి, "అన్నయ్యా, ఇవాళ్టి నుంచి నువ్వు దిగు, నేను పైకెక్కుతా" అన్నాడు.

నాన్న నవ్వేసాడు. "పెద్దోణ్ణిరా నేను. నీ కాళ్ళ కింద నన్ను నిలబడమంటావా?"

"నీ కాళ్ళ కింద నేను ఇన్నాళ్ళు నిలబళ్ళా?"

ఆ రోజు పని ఆగింది. నెల తిరక్కుండా ఇంటి మధ్య తడక లేచింది. గిన్నెలు పంచారు, గొడ్లని పంచారు, చివరికి రంపం దగ్గరికొచ్చి పెద్దమనుషులు చుట్టలు వెలిగించుకున్నారు. "రంపాన్ని రంపంతో కొయ్యలేం గదయ్యా" అన్నాడొక ముసలాయన. సరిగ్గా మధ్యన ఆకురాయితో అడ్డంగా గీత గీసి, పై సగం పెద్దోడిది, కింది సగం చిన్నోడిది, ఎవడి సగం వాడే బాగుచేసుకోవాలి అని తేల్చారు. అందరూ న్యాయంగా ఉందన్నారు. మామ్మ మాత్రం తీసిన సూదిని మళ్ళీ జాకెట్టుకి గుచ్చుకుంది.

పని మాత్రం కలిసే చెయ్యాలి, రంపం ఒక్కటే కదా. ఒకే రంపానికి రెండు కొసలా వేలాడుతూ మాట్లాడుకోని ఇద్దరి మధ్య రాయబారిని నేను. నాన్న దుంగ మీద నుంచి, "ఆ గాడిదకి చెప్పరా, తిన్నగా లాగమని" అనేవాడు. నేను గొయ్యిలోకి వంగి, "బాబాయ్, నాన్న తమరిని కాస్త తిన్నగా లాగమంటున్నాడండి" అనేవాణ్ణి. కింద నుంచి, "మీ అయ్యకి కళ్ళు బానే ఉన్నాయిగా, గీత చూసుకోమను" అని వచ్చేది. దాన్ని నేను, "అలాగేనంట" అని పైకి పంపేవాణ్ణి. అన్నేసి అండీలు పోసినా రంపం తిన్నబడలేదు. శనివారం ఒకడు తడకకి ఇవతల కూర్చుని తన సగం కుడిచేత్తో రాసేవాడు, ఆదివారం గుడి నుంచి వచ్చాక రెండోవాడు తన సగం పుర్రచేత్తో రాసేవాడు. ఆ సగం ఒక పక్కకి లాగితే ఈ సగం ఇంకో పక్కకి లాగేది. పలకలు పాము పాకినట్టు వచ్చేవి. వీరులపాడు నుంచి కూడా టేకు తెచ్చి ఇచ్చేవాళ్ళు, మెల్లగా మానేసారు. ఎవడో ఒకడు గీత దాటి రాస్తే చాలు. ఎవడూ దాటలేదు.

చలికాలం మొదట్లో మామ్మ మంచం పట్టింది. ఇంటి ముందు గాలివానకి పడిన వేప దుంగని ఎన్నాళ్ళ నుంచో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇద్దర్నీ పిలిచి, "నా పెట్టెకి అదే. మీరిద్దరే కొయ్యాలి" అంది. తర్వాత రంపం తెప్పించి, సూది నా చేతికిచ్చి పెట్టమంది. సూది చక్కగా జారుతూ వచ్చి, గీత దగ్గర ఒక్క దొర్లు దొర్లి నేల మీద పడింది.

మామ్మ దానివైపే చూసి, "ఈ శనివారం ఇద్దరూ కూర్చుని రాయండిరా" అంది. నాన్న తలూపాడు. బాబాయి కూడా ఊపాడు. మామ్మ శనివారం దాకా ఉండలేదు.

మర్నాడే భూస్థాపన, ఆకురాయి పెట్టే తీరికెక్కడిది? పొద్దున్నే దుంగ గొయ్యి మీదకెక్కింది. ఆ రోజు రాయబారికి పనిలేదు. గీత ఒకదారి, రంపం ఒకదారి. ఒకచోట బెత్తెడు మందం, ఒకచోట అప్పడమంత పల్చన. వడ్రంగి తిప్పి తిప్పి మేకులు కొట్టాడు గానీ మూత కూర్చోలేదు. సమాధుల దొడ్డిలో పిడికెడు పిడికెడు మట్టి వేస్తుంటే, అది మూత మీద పడి ఆగకుండా సందులోంచి లోపలికి జారుతున్న చప్పుడు అందరికీ వినబడింది. బాబాయి గోతిలోకి దిగి, తన తలగుడ్డ విప్పి ఆ సందులో కుక్కాడు. చాల్లేదు. పైనుంచి నాన్న తన కండువా ఇచ్చాడు. బాబాయి తలెత్తకుండా అందుకున్నాడు. అంతే.

ఆ వారమే బాబాయి పిన్నినీ పిల్లల్నీ తీసుకుని డ్యాం పనులకి పోయాడు. మళ్ళీ రాలేదు. ఎక్కడున్నాడో చెప్పినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో ఊరు చెప్పారు. నాన్న ఒంటిచేత్తో కొయ్యలేడు గనక నా బడి ఆగింది. బడి నన్నేమీ బెంగపడి పిలవలేదు. వేరే రంపం ఒకటి సంపాదించి, మొదటిరోజు నాన్న నన్ను గొయ్యి దగ్గరికి తీసుకెళ్తే, నేను లుంగీ ఎగ్గట్టి లోపలికి దిగబోయా.

"పైకెక్కరా" అన్నాడు నాన్న.

"నువ్వు?"

నాన్న గొయ్యిలోకి దిగాడు. చెయ్యాడినన్నాళ్ళూ అక్కడే నిలబడ్డాడు. పైనుంచి చూస్తే పొట్టులో తెల్లబడిన తల మాత్రం కనపడేది. కళ్ళు నలుపుకునేవాడు.

తాత రంపాన్ని మాత్రం ఏటా క్రిస్మస్‌కి ముందు దించి, ఈ చివర నుంచి ఆ చివరికి ఆముదం రాసి, తన సగానికే ఆకురాయి పెట్టి, మళ్ళీ గుడ్డ చుట్టేవాడు. "రెండో సగమో?" అని అడిగితే, "వాడొచ్చి పెట్టుకుంటాడు" అనేవాడు.

ఇప్పుడా గొయ్యి లేదు, పూడ్చి దానిమీద ఎవరో ఇల్లు కట్టారు. పొట్టు పొయ్యిల్లేవు. దుంగ వాసన చెప్పే పందానికి దుంగలే లేవు. రాజు మిషన్ బిగించి తాడు లాగితే, అది ఊరంతా లేచేలా అరిచింది. "చూసావా మామయ్యా, ఒక్కడు చాలు. రెండో మనిషితో పనే లేదు" అన్నాడు మురిసిపోతూ.

ఏం తోచిందో, నాన్న పోయాక నా వెంట తెచ్చుకున్న తాత రంపాన్ని చూరులోంచి దించి గుడ్డ విప్పా. రాజు ఒక వైపు ఎత్తి పట్టుకున్నాడు, నేను సూది పెట్టా. నాన్న సగంలో తుప్పుకి తట్టుకుంటూనే మెల్లగా జారి, గీత దగ్గరికొచ్చి పడిపోయింది.

"ఇంతేనా? గ్రైండర్ పెడితే ఐదు నిమిషాల పని. ఇటివ్వు, ఈ సగం కూడా పదును చేసేస్తా" అని చెయ్యి చాపాడు రాజు.

"వద్దురా" అన్నా, గుడ్డ చుట్టేస్తూ. "ఆ సగం మనది కాదు."